విమానపు హోరులో చెవి కాపుదల

వనపర్తినుండి ఒక ఉపాధ్యాయులు మా కేంద్రమునకు వ్రాసిన ఉత్తరము ఈ ప్రసంగమునకు కారణము. వారి కుమారుడు విమానము నడుపుటలో శిక్షణకు చేరబోవుచున్నాడు. రుసుమునకే చెల్కలో సగము తాకట్టు పెట్టిరట. “ఇప్పుడు చెవులకు పెట్టుకొను హెడ్‌సెట్టు కూడ స్వంతముగా కొనవలెనని చెప్పుచున్నారు. బ్యాటరీలతో హోరును అణచునది వేయి డాలర్లకు పైమాట యట. మామూలుది అందులో మూడవ వంతుకో నాల్గవ వంతుకో వచ్చునట. చవుకది కొన్నచో పిల్లవాని చెవులు చెడునా?” అని వారి ప్రశ్న.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో జిల్లా కేంద్రములైనవి. 2021లో కర్నూలుకు చేరువనున్న ఓర్వకల్లులో విమానాశ్రయము తెరచిరి. నడిగడ్డవారికి విమానము ఇక దూరపు వస్తువు కాదు. కావున ఈ ప్రశ్న ఒక్క ఇంటిది మాత్రమే కాదు. సమాధానము ముందే చెప్పెదను: చెడవు, ఆ చవుకది చెవిచుట్టు సందులేకుండ కూర్చున్నచో. కూర్చుండనిచో ఎంత వెల పెట్టినను లాభము లేదు.

శిక్షణకు వాడు చిన్న విమానములలో సెస్నా 152, సెస్నా 172 అనునవి ప్రసిద్ధములు. వానిలో ఇంజను చోదకుని మోకాళ్ళకు ముందే, పలుచని గోడకు అవతల నుండును. నిమిషమునకు 2400 చుట్లు తిరుగునపుడు రెండు రెక్కల ప్రొపెల్లరు సెకనుకు 80 మారులు గాలిని కొట్టును. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఆ వేగమున పేలుళ్ళును సెకనుకు 80 మాత్రమే. రెండును కలిసి తంబురలోని మంద్ర షడ్జమమునకు దరిదాపుగా మ్రోగును. దానిపై గాలి ఒరిపిడి, తలుపు సందుల ఈల చేరును. లోపలి చప్పుడు 90 డెసిబెళ్ళు దాటుట సాధారణము. పల్లికాయ ఒలుచు మిల్లులో నిలిచి ప్రక్కవానితో మాటాడబోయినవారికి అది ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి చప్పుడును చెవి ఎంతసేపు ఓర్వగలదు? వృత్తిరోగములను పరిశోధించువారు అనుసరించు లెక్క ఒకటి కలదు. 85 డెసిబెళ్ళవద్ద దినమునకు ఎనిమిది గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకు కాలము సగమగును. 88 వద్ద నాలుగు గంటలు, 91 వద్ద రెండు, 94 వద్ద ఒక్క గంటయే. మన దేశములో వాణిజ్య విమానచోదకుని లైసెన్సునకు 200 గంటలు ఎగురవలెను. ఉద్యోగములో చేరినవాడు ఆపైన వేలగంటలు ఎగురును.

ఈ హాని నొప్పితో రాదు. మొదట సెకనుకు 4000 కంపనముల ప్రాంతములో చెవి మందగించును. మనము మాటాడుకొనునపుడు అచ్చులు దిగువ స్వరములలో, స, ష, త, ఫ వంటి హల్లుల పదును పై స్వరములలో నుండును. కావున అతనికి మాట వినబడుచునే యుండును గాని ఏ మాటయో తెలియదు. రేడియోలో పనిచేయు మాకు ఇది నిత్యానుభవము. పై స్వరములు తెగిన పాత రికార్డులో పాట నిలుచును, మాట చెడును. విమానపు రేడియోలో ఆంగ్లపు తొమ్మిదిని ‘నైనర్’ అనియు, అయిదును ‘ఫైఫ్’ అనియు పలుకు నియమము హోరులో ఒకటి మరొకటిగా వినబడకుండుటకే ఏర్పడినది. చోదకుల వైద్యపరీక్షలో 500, 1000, 2000 కంపనములవద్ద 35 డెసిబెళ్ళకు, 3000 వద్ద 50కి మించి వినికిడి లోపముండరాదని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నియమము. పోయిన వినికిడి తిరిగి రాదు. తాకట్టు పెట్టిన చెల్క అంతయు ఈ కొలతపై ఆధారపడియున్నదని చెప్పవచ్చును.

ఇక సాధనము సంగతి. మామూలు హెడ్‌సెట్టులో రెండు గట్టి గిన్నెలు, అంచున మెత్తలు, వానిని తలకు అదిమిపట్టు తీగ యుండును. గిన్నె బరువును, మెత్త బిగువును కలిసి చప్పుడును ఆపును. పై స్వరములను ఇది చక్కగ అడ్డగించును; దిగువ హోరును అంతగా అడ్డగింపజాలదు. పెట్టెపై 23 లేక 24 డెసిబెళ్ళు తగ్గించునని వ్రాసియుండును. అది ప్రయోగశాలలోని మాట. అమెరికాలోని పని భద్రతాధికారులు ఆ అంకెలో 7 తీసివేసి, మిగిలినదానిలో సగమే నమ్ముదురు. 24లో 7 పోగా 17. అందులో సగము ఎనిమిదిన్నర. 94 డెసిబెళ్ళ విమానములో చెవికి చేరునది సుమారు 85. హద్దుమీద నిలిచినాడన్నమాట.

హద్దు దాటకుండుటకు వేయి డాలర్లు అక్కరలేదు. హెడ్‌సెట్టు క్రింద, చెవిలో నలిపి దూర్చు స్పంజి బిరడాలు చాలును. బిరడాపై 29 అని యున్నచో అదే లెక్కను 11. రెండవ సాధనమునకు 5 మాత్రమే కలుపవలెను. మొత్తము 16. ఇప్పుడు చెవికి చేరునది 78. బిరడా పెట్టినచో రేడియో మాట కూడ తగ్గదా యని సందేహింతురు. తగ్గును, గిన్నెపైనున్న మరను త్రిప్పి దానిని పెంచుకొనవలెను.

బ్యాటరీలతో పనిచేయుదానిలో గిన్నె లోపల చిన్న మైకు హోరును పట్టి, దానికి సరిగా ఎదురైన అలను పుట్టించి రెంటిని ఒకదానితో నొకటి కొట్టివేయించును. పాల్ లూగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ భావమునకు అమెరికాలో 1936లో పేటెంటు పొందెను. వంగదేశీయుని కుమారుడైన అమర్ బోస్ 1978లో యూరపునుండి విమానములో తిరిగివచ్చుచు దీనిని గూర్చి లెక్కలు వేసికొనెను. 1986లో ఎక్కడను దిగక భూమిని చుట్టివచ్చిన వాయేజర్ విమానములో ఆయన సంస్థ నమూనా హెడ్‌సెట్లను వాడిరి; 1989లో అవి అమ్మకమునకు వచ్చినవి. ఈ విద్య దిగువ హోరునే బాగుగ అణచగలదు. వేయి కంపనములు దాటినపిమ్మట గిన్నెయే దిక్కు. చెవికి ఎక్కువ హాని చేయునవి ఆ పై స్వరములే. కావున ఇది మొదటి కావలివాడు కాదు. అయితే అలసట బాగుగ తగ్గును, మాట తేటపడును. స్తోమతగలవారు కొనుట తప్పుకాదు. విద్యార్థికి అది రెండవ కొనుగోలు కావచ్చును. చవుకబారు బ్యాటరీ హెడ్‌సెట్టుకంటె మంచి మామూలుది మేలని నా అభిప్రాయము. బ్యాటరీ అయిపోయినచో అదియు మామూలుదే యగును. కావున మీట ఆపి కూడ పరీక్షింపుడు.

పరీక్ష సులభము. ఇంజను తిరుగుచుండగా గిన్నెలను అరచేతులతో ఒత్తుడు. హోరు ఒక్కసారిగా తగ్గినచో మెత్త అంతవరకు కారుచున్నదన్నమాట. కళ్ళజోడు లావుపాటి కాడలు, చెవిపోగులు, చెవిపైకి వచ్చిన జుట్టు దీనికి సాధారణ కారణములు. వాడినది కొనదలచినవారు మెత్తలను మొదట చూడవలెను. మన ఎండలకు అవి గట్టిపడి పగులును. మెత్తలు, లోపలి స్పంజి, మైకు తొడుగు మార్చుకొనగలిగినచో పాతది కొత్తదానితో సమానమే. శిక్షణ సంస్థలో పదిమంది తొడిగిన అరువు హెడ్‌సెట్టునకు సాధారణముగా ఈ మెత్తలే చెడియుండును.

రెండు కాడల ప్లగ్గును గమనింపుడు. చిన్న విమానములలో వినుటకు 6.3 మిల్లీమీటర్లది, మాటాడుటకు 5.2 మిల్లీమీటర్లది వేరువేరుగ నుండును. హెలికాప్టరుకు ఒకటే ప్లగ్గు. సైన్యపు పాతసరుకులో వచ్చునవి చవుకయే గాని, వాని నిరోధము తక్కువగుటచే ఈ రేడియోలతో సరిపడవు. పాటలు వినుటకు అమ్మునవి ఈ పనికి రావు.

మైకు విషయములో ఒక మాట. స్టూడియోలో మేము మైకును జానెడు దూరమున నుంచుకొందుము. విమానములో పెదవికి దాదాపు తగులునట్లు, నోటిమూలన నుంచవలెను. ఆ మైకు ఇరువైపులనుండి వచ్చు హోరును కొట్టివేయును గాని, దగ్గరి మాటను మాత్రమే గ్రహించును. దూరముగ జరిపినచో మాటను కూడ హోరుగానే ఎంచును.

ఉత్తరము చివర ఆ ఉపాధ్యాయులు మరొకటి అడిగిరి: వారి తమ్ముడు పల్లికాయ మిల్లులో పదునైదేండ్లనుండి పనిచేయుచున్నాడు, అతనికి కూడ ఇట్టిదేదైన పనికివచ్చునా యని. పనికివచ్చును. గద్వాల చేరువ జూరాలలోను, నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రములోను విద్యుద్యంత్రములకడ నిలుచువారికిని ఇదే మాట. రేడియో లేని వట్టి గిన్నెలు హెడ్‌సెట్టు వెలలో చాల స్వల్పభాగమునకు దొరకును. స్పంజి బిరడాలు ఇంకను చవుక. మన ఫ్యాక్టరీల నియమములలో ఎనిమిది గంటలకు హద్దు 90 డెసిబెళ్ళు. ఆ తమ్ముడు మొదట కర్నూలుకో మహబూబ్‌నగరుకో పోయి వినికిడి పరీక్ష చేయించుకొనవలెనని వారికి వ్రాసితిమి.