పళ్ళు చెప్పే వయసు

పుణ్యానికి ఆవునిస్తే పళ్ళు పట్టి చూశాడట అని సామెత. ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టొద్దని దాని భావం. మరి డబ్బు పెట్టి కొనేటప్పుడు? అప్పుడు పళ్ళు చూడాల్సిందే. ఎద్దుకు పుట్టినతేదీ కాగితం ఉండదు, నోరే దాని సర్టిఫికెట్. మన క్లాసులో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. మేత వేయడం, పేడ తీయడం మనకు చెప్తారు కానీ, సంతలో ఎద్దు నోరు చూడమని ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

పశువుకు పై దవడలో ముందువైపు పళ్ళే ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది దవడలో ముందర 8 పళ్ళు, అంటే 4 జతలు. వయసు చెప్పేవి ఇవే. దూడకు నెల దాటేసరికి ఎనిమిదీ కనిపిస్తాయి కానీ అవి పాలపళ్ళు, చిన్నగా, సన్నగా ఉంటాయి. తర్వాత నడిమి జతతో మొదలై ఒక్కో జత ఊడి, ఆ చోట వెడల్పైన పెద్ద పళ్ళు వస్తాయి. దీన్నే పళ్ళు వేయడం అంటాం. మన నాటు పశువుల్లో లెక్క సుమారుగా ఇట్లా ఉంటుంది:

రెండు పళ్ళు: 2 నుంచి 2½ ఏళ్ళు
నాలుగు పళ్ళు: 3 ఏళ్ళు
ఆరు పళ్ళు: 3½ నుంచి 4 ఏళ్ళు
ఎనిమిది పళ్ళు: 4½ నుంచి 5 ఏళ్ళు

మా ఇంట్లో నాయన వైపు తెలుగు, అమ్మ వైపు కన్నడ. తాత "పాలపళ్ళ కోడె" అంటే అజ్జ "హాలుహల్లు" అంటాడు. ఎనిమిదీ వేసిన ఎద్దును అజ్జ "బాయిగూడిద ఎత్తు" అంటాడు, అంటే నోరు కూడిన ఎద్దు. భాష ఏదైనా లెక్క ఒకటే. ఆంధ్ర, తెలంగాణల్లో బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తలను పాలపళ్ళ, రెండు పళ్ళ, నాలుగు పళ్ళ, ఆరు పళ్ళ విభాగాలుగా విడదీసేది కూడా ఇందుకే. యజమాని ఎన్నేళ్ళని చెప్పినా, నోరు తెరిస్తే తగాదా తీరిపోతుంది.

అసలు కష్టం ఐదేళ్ళ తర్వాత మొదలవుతుంది. ఇక కొత్త పళ్ళు రావు కాబట్టి అరుగుదలను చూసి అంచనా వేయాలి. ఆరేళ్ళ ప్రాంతంలో నడిమి జత అంచు అరిగి చదునవుతుంది. తర్వాత ఏడాదికో జత చొప్పున పక్కవి కూడా అరుగుతూ పోతాయి. పదేళ్ళకు అన్నీ అరిగి, పళ్ళ మధ్య సందులు పడతాయి. ఆ తర్వాత మిగిలేవి మొద్దులే. ఇసుక అంటిన మేత, గట్టి జొన్న చొప్ప తినే ఎద్దుకు పళ్ళు తొందరగా అరుగుతాయి. అందుకే తెలిసినవాళ్ళు "ఏడేళ్ళు" అని తేల్చి చెప్పరు, "ఏడూ ఎనిమిదీ మధ్య" అంటారు.

కొమ్ములను నమ్మొద్దు. చెక్కి, నూనె రాసి, రంగు వేస్తే ముసలి ఎద్దు కూడా పడుచుదానిలా ఉంటుంది. అమెరికా అడవుల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి ఉంది. దాని కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి, కాబట్టి కొమ్ముకు ఎన్ని కొనలున్నాయో చూసి వయసు చెప్పలేరు. అక్కడి శాస్త్రజ్ఞులు చనిపోయిన జంతువు పన్ను తీసి, వేరును పల్చగా కోసి, చెట్టు మానులో లాగా వలయాలు లెక్కపెడతారు. అక్కడైనా, ఇక్కడైనా సాక్ష్యం పన్నే.

మా వీధిలో ఒక అవ్వ ఒంటరిగా సేద్యం చేస్తుంది. విత్తనం అదును దాటిపోతుందని పోయినేడు తొందరలో ఒక ఎద్దు కొనింది. ఆరేళ్ళది అని చెప్పి అమ్మారు. ఇంటికొచ్చినాక అది చొప్ప కొరకలేక వదిలేస్తుంటే నోరు చూశారు, అన్నీ మొద్దులే. ఆరేళ్ళ ఎద్దయితే ఇంకో నాలుగైదేళ్ళు మడక లాగేది. ఆమె అప్పు ఇంకా తీరలేదు, ఎద్దు మాత్రం కూలబడింది. చూడటానికి అర నిమిషం చాలు. కానీ బేరంలో ఆ అర నిమిషం ఆమెను ఎవరూ ముందుకు రానివ్వలేదు.

చూసే పద్ధతి కష్టమేం కాదు. ఎద్దుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. ఒక చేత్తో ముకుతాడు పట్టుకుని, ఇంకో చేత్తో కింది పెదవిని మెల్లగా కిందికి లాగితే ముందరి పళ్ళన్నీ కనిపిస్తాయి. నడిమి నుంచి పక్కకు, పెద్ద పళ్ళను మాత్రమే లెక్కపెట్టాలి.

మనవాళ్ళ ఏరువాక పున్నమి, కన్నడవాళ్ళ కారహుణ్ణిమె ఒకటే రోజు. ఆ పండక్కి రాయచూరులో మున్నూరు కాపు సమాజంవాళ్ళు ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. వెళ్తే బండ బరువుతో పాటు పళ్ళ సంగతి కూడా అడగండి. అంతకంటే ముందు మీ ఇంటి కోడెతో మొదలుపెట్టండి. అది ఏ ఏడు పుట్టిందో అమ్మకు గుర్తుంటుంది. నోరు చూసి మీరు వేసిన అంచనా సరిగ్గా ఉందో లేదో ఆమే చెప్తుంది.