అతుకులతో కుదిరిన యూరోపా పటం

గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా మన చంద్రుడికన్నా కాస్త చిన్నది. వ్యాసం సుమారు 3,120 కిలోమీటర్లు. 1610 జనవరిలో గెలీలియో దూరదర్శినికి చుక్కలా కనిపించిన ఈ ఉపగ్రహం, ఆ తర్వాత మూడున్నర శతాబ్దాలకు పైగా చుక్కగానే ఉండిపోయింది. ఇప్పుడు ఖగోళశాస్త్ర పుస్తకం ఏది తెరిచినా తెల్లటి మంచు మీద గోధుమరంగు గీతలతో నిండు గోళంగా దర్శనమిస్తుంది. ఆ నిండుతనంలో కొంత భ్రమ ఉంది. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు దూరాల నుంచి, వేర్వేరు వెలుగుల్లో తీసిన ముక్కలను కలిపి కుట్టిన బొంత అది. కొన్ని ముక్కల్లో చిన్న గుట్టలు కూడా తెలుస్తాయి. కొన్నింటిలో పెద్ద ఊరంత మేర ఒక్క చుక్కలో ఇమిడిపోతుంది.

తొలి ముక్కలు వాయేజర్ నౌకలవి. 1979 మార్చిలో వాయేజర్-1 చాలా దూరం నుంచి చూసి వెళ్లిపోయింది. అదే ఏడాది జూలైలో వాయేజర్-2 సుమారు రెండు లక్షల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. దాని మేలైన చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ దాదాపు రెండు కిలోమీటర్ల నేలకు సమానం. అంత మసకలోనూ రెండు సంగతులు తేలాయి. ఉల్కలు పడి ఏర్పడిన గుంతలు దాదాపుగా లేవు. గీతలు మాత్రం వందల, వేల కిలోమీటర్ల పొడవున అల్లుకుని ఉన్నాయి. పాత నేల అయితే గుంతలమయంగా ఉండాలి. అంటే ఇక్కడి మంచు ఎప్పటికప్పుడు కొత్తదవుతోంది.

అసలు పని గెలీలియో నౌకది, అసలు చిక్కులూ దానివే. 1989 అక్టోబరులో బయల్దేరిన ఈ నౌకకు మడిచి పెట్టిన పెద్ద యాంటెన్నా ఒకటి ఉంది. 1991 ఏప్రిల్‌లో దాన్ని తెరవబోతే పూర్తిగా విచ్చుకోలేదు. ఎన్ని విధాల ప్రయత్నించినా లాభం లేకపోయింది. దాని ద్వారా సెకనుకు 1,34,000 బిట్ల సమాచారం రావలసింది. మిగిలిన చిన్న యాంటెన్నాతో, భూమి మీది గ్రాహకాలను మెరుగుపరిచాక కూడా, గరిష్ఠంగా వచ్చింది సెకనుకు 160 బిట్లు. కెమెరా తీసే ఒక్కో చిత్రంలో అడ్డంగా 800, నిలువుగా 800 పిక్సెళ్లు; పిక్సెల్‌కు 8 బిట్లు. లెక్క వేస్తే చిత్రానికి 51 లక్షల బిట్లు. పెద్ద యాంటెన్నా పనిచేస్తే 40 సెకన్ల లోపే చేరవలసిన చిత్రానికి ఇప్పుడు దాదాపు తొమ్మిది గంటలు కావాలి.

ఇంజినీర్లు దారి మధ్యలో ఉన్న నౌకలోకి కొత్త సాఫ్ట్‌వేర్ పంపి, చిత్రాలను కుదించి పంపేలా చేశారు. ఉపగ్రహం పక్కగా దూసుకుపోయేటప్పుడు తీసిన చిత్రాలు టేప్ రికార్డర్‌లో నిలవయ్యేవి. తర్వాత వారాల తరబడి మెల్లగా భూమికి దిగేవి. కాబట్టి ఏది తీయాలి, ఏది మానాలి అన్నది శాస్త్రవేత్తలకు ప్రతిసారీ తర్జనభర్జనే. కొద్దిపాటి ప్రాంతాలను బాగా దగ్గరగా, మిగతా అంతటినీ పైపైన చూడడమే కుదిరింది. 1997 డిసెంబరులో తీసిన ఒకటి రెండు చిత్రాల్లో పిక్సెల్‌కు ఆరు మీటర్ల స్పష్టత వచ్చింది. అంత వివరం దక్కిన నేల మాత్రం గోళం మొత్తం మీద లెక్కలోకి రానంత కొద్ది.

చిత్రం చేతికి వచ్చినంత మాత్రాన పటం తయారుకాదు. ఆ క్షణాన నౌక ఎక్కడుందో, కెమెరా ఏ కోణంలో చూస్తోందో తెలిస్తేనే ప్రతి పిక్సెల్‌కూ అక్షాంశ రేఖాంశాలు ఇవ్వగలరు. కెమెరా కోణంలో చిన్న పొరపాటు ఉన్నా నేల మీద కిలోమీటర్ల తేడా వస్తుంది. అందుకే రెండు మూడు చిత్రాల్లోనూ కనిపించే గుంతల అంచుల్ని, గీతలు కలిసే చోట్లను గుర్తించి, అవన్నీ ఒకే చోట పడేవరకు లెక్కలను సర్దుతారు. రేఖాంశాలకు ఒక ఆధారం కావాలి. యూరోపా ఎప్పుడూ ఒకే ముఖాన్ని గురుగ్రహం వైపు తిప్పి ఉంచుతుంది గనుక, ఆ ముఖం మధ్య భాగం సున్నా. కానీ అక్కడ చక్కని గుర్తేదీ లేదు. సిలిక్స్ అనే చిన్న గుంత 182 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉందని నిర్ణయించి, మిగతాదంతా దాన్నిబట్టి కొలుస్తారు.

ఇక వెలుగు సంగతి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తీసిన చిత్రంలో రంగుల తేడాలు బాగా తెలుస్తాయి, ఎత్తుపల్లాలు మాయమవుతాయి. ఎండ వాలుగా పడితే గట్టులన్నీ నీడలతో లేచి నిలబడతాయి, రంగులు వెనక్కి తగ్గుతాయి. ఈ రెండు రకాల చిత్రాలను పక్కపక్కన అతికితే, ఉన్నట్టుండి నేల స్వభావమే మారిపోయినట్టుంటుంది. వెలుగును సమం చేసే గణితం కొంతవరకే సాయపడుతుంది. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ కూర్చిన ప్రపంచపటంలో పిక్సెల్‌కు 500 మీటర్లని రాసి ఉన్నా, చాలా చోట్ల అసలు చిత్రానికి అంత వివరం లేదు. పటంలో నున్నగా కనిపించే నేల నిజంగా నున్ననిదా, సరిగా చూడని నేలా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇన్ని పరిమితుల మధ్య కూడా ఆ పటం చాలానే చెప్పింది. ఒక గీత మరో గీతను కోసుకుంటూ పోతే, కోసినదే తర్వాతి కాలానిది. ఇలా ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ మంచు చరిత్రను వరుసలో పెట్టారు. చాలా గీతలు నిజానికి నడుమ లోయ ఉన్న జంట గట్టులు. కొన్ని చోట్ల మంచు రెండుగా విడిపోయి, ఆ ఖాళీలోకి కొత్త పదార్థం వచ్చి చేరి వెడల్పాటి పట్టీలయ్యాయి. కొనమారా అనే ప్రాంతంలో పాత మంచు పలకలు విరిగి, పక్కకు జరిగి, తిరిగి, మళ్లీ గడ్డకట్టాయి. పలకల మీది గీతలను కలుపుకుంటూ పోతే అవి మొదట ఎక్కడ ఉండేవో ఊహించవచ్చు. దానికి దక్షిణాన ఉన్న ప్విల్ గుంత నుంచి ఎగిరిన తెల్లని మంచు కొనమారా మీదా పడింది. అంటే ప్విల్ దానికన్నా కొత్తది. ఈ రెండు పేర్లూ కెల్టిక్ పురాణాల నుంచి, స్థలాల నుంచి తీసుకున్నవి. గుంతల లెక్కను బట్టి ఉపరితలం వయసు నాలుగు నుంచి తొమ్మిది కోట్ల ఏళ్లని అంచనా. సౌరకుటుంబం వయసు 450 కోట్ల ఏళ్లకు పైనే కాబట్టి ఇది నిన్నమొన్నటి నేల కింద లెక్క. అడుగున ఉప్పునీటి సముద్రం ఉందన్న నమ్మకానికి మాత్రం బలమైన ఆధారం చిత్రాలు కావు, గెలీలియో నౌకలోని అయస్కాంత క్షేత్ర కొలతలు.

2003 సెప్టెంబరులో గెలీలియోను గురుగ్రహంలోకి పడేసి కాల్చేశారు. ఇంధనం అయిపోయాక అది ఎప్పుడైనా యూరోపాను ఢీకొని భూమి సూక్ష్మజీవులను అక్కడికి మోసుకెళ్లకూడదన్నది కారణం. తర్వాత 2022 సెప్టెంబరులో జూనో నౌక దాదాపు 350 కిలోమీటర్ల ఎత్తున దాటిపోతూ కొన్ని చిత్రాలు తీసింది.

పెద్ద ఖాళీలను పూడ్చే పని యూరోపా క్లిప్పర్‌ది. 2024 అక్టోబరు 14న బయల్దేరిన ఈ నౌక 2030లో గురుగ్రహాన్ని చేరాలి. యూరోపా చుట్టూనే తిరగకుండా గురుగ్రహం చుట్టూ పెద్ద కక్ష్యలో తిరుగుతూ, 49 సార్లు యూరోపా పక్కగా పోవాలన్నది ప్రణాళిక. అక్కడి రేడియేషన్‌లో ఎక్కువకాలం ఉంటే ఎలక్ట్రానిక్ పరికరాలు చెడిపోతాయి కాబట్టి ఈ ఏర్పాటు. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వేరే చోటు మీదుగా పోవడం వల్ల గోళమంతా కెమెరాకు చిక్కుతుంది. దాదాపు 90 శాతం ఉపరితలాన్ని పిక్సెల్‌కు వంద మీటర్లకన్నా మెరుగ్గా చిత్రించాలని, 50 కిలోమీటర్ల ఎత్తు నుంచి అర మీటరు వివరాన్ని పట్టాలని లక్ష్యం. ఒకే చోటును రెండు కోణాల్లో తీస్తే ఎత్తులు కూడా లెక్కకు వస్తాయి. గెలీలియో చూసిన చోట్లలో ఈ ముప్పై ఏళ్లలో ఏమైనా మారిందా అని కూడా చూస్తారు. అలా పోల్చాలంటే పాత చిత్రం తీసిన కోణానికి, అప్పటి ఎండవాలుకు దగ్గరగానే కొత్త చిత్రమూ తీయాలి. లేకపోతే నీడ మారిన చోటల్లా నేలే మారిందనిపిస్తుంది.