పాత రిమోట్ కారుకు మోటారు, బ్యాటరీ

జపాన్‌కు చెందిన తమియా కంపెనీ 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ అనే రెండు రిమోట్ కార్లను విడుదల చేసింది. రెండింటి చట్రం, గేర్‌బాక్సు దాదాపు ఒకటే. ముఖ్యమైన తేడా మోటారులో ఉంది: గ్రాస్‌హాపర్‌కు 380 రకం, హార్నెట్‌కు అంతకంటే పెద్దదైన 540 రకం. అందుకే గ్రాస్‌హాపర్‌లోనూ 540 బిగించుకోవచ్చు. పాత కారుకు మోటారు మార్చాలనుకునేవారు ఎక్కువగా చేసేదీ అదే.

540 డబ్బా వ్యాసం సుమారు 36 మిల్లీమీటర్లు, పొడవు 50. డబ్బా కొలత ఒకటే అయినా లోపలి చుట్లు వేరుగా ఉండవచ్చు. విజయనగరంలోనో చీపురుపల్లిలోనో పొలం మోటారును వైండింగు షాపుకు తీసుకెళ్లినవారికి ఈ చుట్ల లెక్క కొత్త కాదు. మామూలు 540కి సుమారు 27 చుట్లు ఉంటాయి. చుట్లు తగ్గించి మందమైన తీగ వేస్తే మోటారు జోరుగా తిరుగుతుంది, కరెంటూ ఎక్కువ లాగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది.

ఆ భారం ముందుగా పడేది స్పీడ్ కంట్రోలర్ మీద. అప్పటి కార్లలో అది ఎలక్ట్రానిక్ కాదు. సర్వో మోటారు ఒక రాగి పలకను జరిపితే, నిరోధకం గుండా కరెంటు తగ్గి వేగం తగ్గేది. మిగిలిన శక్తి వేడిగా పోయేది. అలాంటి కారుకు 15 చుట్ల మోటారు పెడితే ముందు కాలేది ఆ పలకే. జోరు మోటారే కావాలంటే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ వేసి, పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) పళ్లు తగ్గించాలి.

బ్యాటరీకి వస్తే, ఆ కార్లు ఆరు నికెల్-కాడ్మియం సెల్లుల ప్యాక్ కోసం చేసినవి. సెల్లుకు 1.2 వోల్టులు, మొత్తం 7.2. ఇప్పుడు అదే కొలతలో నికెల్-మెటల్ హైడ్రైడ్ ప్యాకులు దొరుకుతాయి. నిల్వ ఎక్కువ, కాడ్మియం విషం ఉండదు. రెండు సెల్లుల లిథియం పాలిమర్ ప్యాక్ పూర్తి చార్జింగులో 8.4 వోల్టులు. అప్పుడే చార్జరు నుంచి తీసిన నికెల్ ప్యాక్ కూడా కాసేపు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, కానీ వెంటనే దిగిపోతుంది, లిథియం దిగదు. పాత కంట్రోలరుకు ఆ ఒత్తిడి ఎక్కువ. పైగా సెల్లు వోల్టేజి 3 కంటే దిగితే లిథియం పాడవుతుంది. దాన్ని ఆపే ఏర్పాటు పాత కారులో లేదు. చాలా పాత బండ్లలో బ్యాటరీ గూడు అంచులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి, పలకల్లాంటి లిథియం ప్యాక్ అసలు పట్టదు కూడా.

తొలినాటి కార్లలో రిసీవరుకు వేరే డ్రై సెల్లులు వేసేవారు.

శ్రీకాకుళం తీరంలో నడిపేవారు ఒకటి చూసుకోవాలి. 540 డబ్బాకు గాలి ఆడే రంధ్రాలుంటాయి. కళింగపట్నం ఇసుకలో నడిపితే సన్న రేణువులు వాటిలోంచి దూరి కార్బన్ బ్రష్‌లను అరగదీస్తాయి, ఉప్పుగాలికి బేరింగులు తుప్పుపడతాయి. మే నెల ఎండలో ప్యాక్ ముందే వేడెక్కి ఉంటుంది. చల్లారకుండా చార్జింగు పెట్టకూడదు.

అయిదు నిమిషాలు నడిపాక మోటారు డబ్బా మీద వేలు ఆనించి ఉంచలేకపోతే పినియన్ పెద్దదయిందనో, మోటారు అతి జోరుదనో అర్థం. పాత గేర్లతో, పాత కంట్రోలరుతో నడిచే కారుకు 27 చుట్ల 540, ఆరు సెల్లుల హైడ్రైడ్ ప్యాక్ చాలు.