వేగము గల కారు – బలము లేని బ్రేకు



కారును గుఱించి ముచ్చటించువారు సాధారణముగా దాని వేగమును గుఱించియే ముచ్చటింతురు. అది ఎన్ని సెకండ్లలో నూఱు కిలోమీటర్ల వేగము నందుకొనునని అడుగువారు పలువురు. ఆ వేగమునుండి ఎన్ని మీటర్లలో ఆగునని అడుగువారు అరుదు. నేనును కొంతకాలము క్రిందటివఱకు మొదటి జట్టులోనివాడనే. రెండవ ప్రశ్నను నాకు నేర్పినది ఒక అడవి మలుపు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ములకలపల్లి మా నివాసము. ఉద్యోగ నిమిత్తము నేను నిత్యము పాల్వంచకు పోయి వచ్చుచుందును. అడవియు, పోడు చేలును, జామాయిలు తోటలును, పామాయిలు తోటలును గల ప్రాంతమిది. ఎదురుగా కఱ్ఱ లారీలు వచ్చుచుండును, గెలల ట్రాక్టర్లు వచ్చుచుండును. సందెవేళ పశువుల మంద రోడ్డెక్కును. ఇట్టి దారికి నేను కొన్నది చిన్నది, తేలికైనది, చుఱుకైన ఇంజను గల పాత కారు. యాక్సిలరేటరు మీద కాలు మోపిన లేడివలె దూకును. దాని బ్రేకులు మాత్రము కార్ఖానానుండి వచ్చినప్పటివే.

అది తునికాకు కాలము. ఆ ఉదయము ఆలస్యమైనదని తొందరపడుచు, లారీల వెనుక పలుమాఱులు బ్రేకు వేయుచు, మఱల వేగము పెంచుచు పోవుచుంటిని. ఒక మలుపు తిరుగగానే తలపై ఆకు మూటలతో నలుగురు స్త్రీలు రోడ్డు దాటుచుండిరి. బ్రేకు త్రొక్కితిని. కాలి క్రింద పెడలు ఱాయివలె నున్నది, బండి మాత్రము పోవుచునే యున్నది. తుదకు ఆగినది. బండికిని, చివర నడచుచున్న వృద్ధురాలికిని నడుమ రెండు బారల యెడము మిగిలెను. ఆమె నావంక చూచి, జాఱిన మూటను సరిచేసికొని, ఏమియు ననక వెడలిపోయెను. నన్ను తిట్టియున్న బాగుండెడిది.

ఆనాడే పెద్ద డిస్కులు, క్రొత్త క్యాలిపర్లు కొని బిగింపించవలెనని నిశ్చయించుకొని, పాల్వంచలో నాకు తెలిసిన ఒక మెకానిక్కు వద్దకు పోతిని. అతడు నా కథ సగము విని ఒక ప్రశ్న వేసెను: "సారూ, పెడలు మెత్తగా లోపలికి పోయిందా, గట్టిగా ఉండి బండి ఆగలేదా? ముందు అది చెప్పండి." నేటి నా ప్రసంగమంతయు ఆ ప్రశ్నకు వ్యాఖ్యానమే. "బ్రేకు బలహీనము" అనునది వ్యాధి పేరు కాదు, లక్షణము మాత్రమే. వ్యాధి యేదో పెడలు చెప్పును. అది వినక సామాను కొనుట, నాడి చూడక మందు మ్రింగుట వంటిది.

మొదట బ్రేకు చేయు పని యేమో చూతము. బ్రేకు బండిని ఆపునని మనమందుము. నిజమునకది కదలుచున్న బండిలోని శక్తిని వేడిమిగా మార్చును. ఆ శక్తి వేగముతో సమముగా పెరుగదు, వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 60 కిలోమీటర్ల వేగమున పోవు కారుకంటె 100 కిలోమీటర్ల వేగమున పోవు అదే కారులో శక్తి సుమారు 2.8 రెట్లు. మనుష్యులతో కలిపి 1200 కిలోల బరువున్న కారు 100 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి ఆగినప్పుడు పుట్టు వేడిమి, ఒకటిన్నర లీటరు చన్నీటిని మరుగునంతగా కాచుటకు చాలును. పొయ్యిమీద పెక్కు నిమిషములు పట్టు పనిని బ్రేకులు నాలుగైదు సెకండ్లలో చేయుచున్నవి.

ఈ వేడిమిలో ఎక్కువ పాలు ముందు చక్రములదే. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వ్రాలును గనుక, పదింట ఏడు పాళ్లకు పైగా పని ముందు బ్రేకులే చేయును. ముందు డిస్కులు ఒక్కొక్కటి 5 కిలోల ఇనుము అనుకొందము. అట్టి ఒక్క ఆపులో వాని వేడిమి సుమారు 70 డిగ్రీలు పెరుగును. చల్లారుటకు వ్యవధి యీయక అయిదుసార్లు ఆపిన నేమగునో శ్రోతలే లెక్కించుకొనవచ్చును.

బ్రేకుల చరిత్రయంతయు ఈ వేడిమితో జరిగిన పోరాటమే. డ్రమ్ము బ్రేకులో రాపిడి మూసిన డోలు లోపల జరుగును గనుక వేడిమి త్వరగా వెలుపలికి పోదు. డిస్కు గాలిలో బయలుగా తిరుగును. ఇంగ్లండులో లాంచెస్టరు అను ఇంజనీరు 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సుదేశపు ల మాన్ 24 గంటల పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలుచుటతో దాని విలువ లోకమునకు తెలిసెను. మన దేశమున అంబాసిడరు, పద్మిని వంటి కార్లు చాలకాలము నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులతోనే నడచినవి. నేటికిని చిన్న కార్లు పెక్కింటికి వెనుక డ్రమ్ములే యుండును. వెనుక పని తక్కువ గనుక అది దోషము కాదు.

మఱి చుఱుకైన కారునకు కార్ఖానావారు చాలినంత బ్రేకు ఏల పెట్టరు? ఒకే బండిని చిన్న ఇంజనుతోను, పెద్ద ఇంజనుతోను అమ్మునప్పుడు రెండింటికిని ఒకే బ్రేకులు అమర్చుట కలదు. పైగా సామాన్యుడు కోరునది చప్పుడు చేయని, మసి రాల్చని, చల్లగా నున్నప్పుడే పట్టుకొను ప్యాడు. అట్టి ప్యాడు ఊరిలో తిరుగుటకు మంచిదే. వేడి మితిమీరినప్పుడు దాని పట్టు సడలును.

ఇక పెడలు చెప్పెడి మాటలు వినుడు.

మొదటిది, పెడలు మెత్తగా లోపలికి పోవుట. కాలి ఒత్తిడిని చక్రములకు చేర్చునది గొట్టములలోని బ్రేకు ద్రవము. ద్రవము నొక్కిన కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును. రెండు మూడుసార్లు త్రొక్కగా పెడలు గట్టిపడుచున్న యెడల, గొట్టములలో గాలి చేరియుండవచ్చును, లేదా వెనుక డ్రమ్ములలోని షూలు సరిదిద్దక దూరమైయుండవచ్చును. నిలిచియున్న బండిలో పెడలును ఒకే బలముతో త్రొక్కిపట్టగా అది మెల్లమెల్లగా క్రుంగిన, మాస్టరు సిలిండరు లోపల కారుచున్నదనియో, వెలుపల ఎచ్చటనో ద్రవము పోవుచున్నదనియో అర్థము. అట్టి బండిని బాగుచేయకుండ కదలింపరాదు. పలుమాఱులు గట్టిగా బ్రేకు వేసిన పిమ్మటనే పెడలు మెత్తబడిన, ద్రవము మరిగి ఆవిరియైనదని తెలియవలెను. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 అను రకము క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీలవఱకు మరుగక నిలువవలెనని ప్రమాణము. నూటికి నాలుగు పాళ్లకు లోపుగా నీరు చేరినంతనే అది 140కి దిగును. డాట్ 4 రకమునకు ఈ యంకెలు 230, 155. కావున రెండేండ్ల కొకసారి ద్రవమును పూర్తిగా మార్చుట అతి చౌకైన బాగు. సిలికోనుతో చేసిన డాట్ 5 ను మాత్రము వీనితో కలుపరాదు. ఇంజను ఆయిలు చుక్కయైనను పడిన లోపలి రబ్బరు ఉబ్బి చెడును.

రెండవది, పెడలు గట్టిగా నుండియు బండి ఆగకుండుట. నాకు జరిగినది ఇదియే. పదేపదే బ్రేకు వేసిన పిదప ఇట్లైన, ప్యాడు వేడెక్కి పట్టు విడిచినదని అర్థము. ఉదయము చల్లని బండిలోనే ఇట్లున్న, ఇంజను పీల్పుతో కాలికి తోడుపడు బూస్టరును పరీక్షింపవలెను. ఇంజను ఆపి, పెడలు గట్టిపడువఱకు నాలుగైదుసార్లు త్రొక్కి, అట్లే త్రొక్కిపట్టి ఇంజను నడుపుడు. పెడలు కొంచెము క్రిందికి దిగిన బూస్టరు పనిచేయుచున్నట్లే.

మూడవది, బ్రేకు వేయగా బండి ఒక ప్రక్కకు లాగుట. క్యాలిపరు జరుగుటకున్న పిన్నులు మన యెఱ్ఱదుమ్మును వాననీటిని త్రాగి బిగుసుకొనుట సాధారణము. అప్పుడు ఒక చక్రమే పట్టును, రెండవది చూచుచుండును. పిన్నులను శుభ్రపఱచి, రబ్బరునకు హాని చేయని సిలికోను గ్రీజు పూసిన చాలును. దుమ్మును మాత్రము గాలి కొట్టి ఊదరాదు. పాత ప్యాడులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతో తుడువవలెను.

నాలుగవది, చక్రములు పట్టుకొనియు బండి జాఱుట. ఇచ్చట బ్రేకు నేరము లేదు, టైరుదే లోపము. చక్రమును ఆపునది బ్రేకు, బండిని ఆపునది టైరు. ఒక్కొక్క టైరు నేలను అంటు భాగము ఇంచుమించు మన అఱచేయి వెడల్పు మాత్రమే. కారు టైరునకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. వానకాలమున అంతవఱకు ఆగుటయు మంచిది కాదు.

నా బండిని విప్పి చూడగా తేలిన దేమనగా: ఎడమవైపు పిన్నులు బిగిసినవి, ద్రవము నల్లబడినది, ప్యాడులు మాడి గాజువలె మెఱయుచున్నవి, రబ్బరు గొట్టములు పగుళ్లు చూపుచున్నవి. పెద్ద డిస్కులు కొనియుండిన ఈ దోషములన్నియు వానివెనుక దాగియుండెడివి. పిన్నులు సరిచేసి, గొట్టములు మార్చి, డాట్ 4 ద్రవము నింపి, అధిక వేడిమికి ఓర్చు రోడ్డు రకపు ప్యాడులు వేయించితిని. పందెపు ప్యాడులను అడుగగా మెకానిక్కు వారించెను. అవి వేడెక్కినగాని పట్టవు. ఇంటినుండి బయలుదేరిన మొదటి మలుపులోనే ఆవు అడ్డము వచ్చిన వాని వలన లాభము లేదు.

క్రొత్త ప్యాడులను డిస్కుతో మచ్చిక చేయవలెను. ఖాళీ రోడ్డుపై 60 కిలోమీటర్ల వేగమునుండి 15 వఱకు, పూర్తిగా ఆగకుండ, ఎడమెడముగా పదిసార్లు మితముగా బ్రేకు వేసి, ఆ పిమ్మట బ్రేకు త్రొక్కకుండ కొంతదూరము నడిపి చల్లార్పవలెను. ప్యాడు తయారుచేసినవారు వేఱుగా చెప్పిన వారి మాటయే ప్రమాణము.

ఇంత చేసినను, నిత్యపు దారిలోనే బ్రేకులు వేడెక్కి సడలుచున్న యెడల అప్పుడు పెద్ద డిస్కుల మాట తలపవచ్చును. అదే కారులో పెద్ద ఇంజను రకమునకు కార్ఖానావారు అమర్చిన డిస్కులు, క్యాలిపర్లు, మాస్టరు సిలిండరు ఒక్క సెట్టుగా తెచ్చుట క్షేమకరము. ఒకటి తెచ్చి ఒకటి విడిచిన, ముందు వెనుకల పొత్తు చెడును. వెనుక చక్రములు ముందుగా బిగిసిన బండి బొంగరమువలె తిరుగును. రంధ్రములు తొలిచిన డిస్కులు చూపున కింపైనవేగాని, నిత్యపు బండికి వానివలన ఒనగూడు మేలు స్వల్పము, పగుళ్ల భయము అధికము. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము కార్ఖానావారి వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. అరిగినవానికి బదులు అట్టివే వేయుట మరమ్మతు. అంతకు మించిన మార్పునకు ముందు రవాణాశాఖవారిని విచారింపవలెను.

బాగైనదో లేదో మనస్సును అడుగరాదు, నేలను అడుగవలెను. మరమ్మతునకు ముందు ఒక విశాలమైన ఖాళీ స్థలమున 50 కిలోమీటర్ల వేగమునుండి బ్రేకు వేసి, గుర్తునుండి ఆగినచోటికి అంగలు లెక్కించితిని. ఆ పిమ్మట మఱల లెక్కింపగా ఎనిమిది అంగలు తగ్గెను. ఆ మలుపులో నాకు మిగిలినది రెండు బారలే గదా! ఎనిమిది అంగల విలువ నాకు తెలియును.

అయినను లెక్క ఇచ్చటితో ముగియదు. కన్ను చూచి కాలు కదలుటకు ఒక సెకండు పట్టుననుకొన్నను, 60 కిలోమీటర్ల వేగమున బండి అప్పటికే సుమారు 17 మీటర్లు పోవును. ఆ దూరమును ఏ బ్రేకును తగ్గింపజాలదు. కనుచూపు ఎంతవఱకు పోవునో అంతలో ఆగగల వేగమునే మలుపులలో పాటింపవలెను.

మా ప్రాంతమునకు ప్రతి వేసవిని తునికాకు కాలము వచ్చును. ఆ మలుపులో మూటలతో స్త్రీలు దాటుదురు. నా బండిలో ఏ డిస్కు ఉన్నదో, ఏ ప్యాడు ఉన్నదో వారెఱుగరు, ఎఱుగవలసిన పనియు లేదు. వారు నిశ్చింతగా దాటువఱకు నా బండి దూరముగనే ఆగియుండిన చాలును.