కచేరీ ఒక మూల, కొండ ఒక మూల

పర్లాకిమిడి అనగానే మనవాళ్లకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. ఆ ఊరే ముఖ్యపట్టణంగా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడివడి గజపతి జిల్లా ఏర్పడింది. విస్తీర్ణం 4,325 చదరపు కిలోమీటర్లు, బ్లాకులు ఏడు. 2011 లెక్కల్లో జనాభా 5,77,817. సగానికి పైగా గిరిజనులే. చిక్కల్లా కలెక్టరు కచేరీ దక్షిణాన, ఆంధ్ర సరిహద్దు అంచున ఉండటం. ఉత్తరాన మోహనా నుంచి వచ్చేవారికి ఆ రోజు కూలి పోయినట్టే.

అక్కడి బ్యాంకులో పనిచేసిన రోజుల్లో చూసేవాణ్ణి: అప్పు ఫారం ఇంగ్లీషులో, గుమాస్తా మాట ఒడియాలోనో తెలుగులోనో, గుమ్మా కొండల నుంచి దిగివచ్చిన ముసలాయనకు సవర తప్ప రాదు. పంతులుగారు ఆ భాష నేర్చి నిఘంటువే కూర్చారు. మా కౌంటరుకు మాత్రం ముసలాయన బడి మానిపించి మనవణ్ణి వెంటబెట్టుకొచ్చేవాడు.