ఫోటోలు తీయడం నేర్చుకునేవారికి నాలుగు మాటలు

మన సావనీరులో ఏటా కథలు, కవితలు, సెక్రటరీగారి రిపోర్టు, చివర గ్రూపు ఫోటోలు వుంటాయి. ఆ ఫోటోలు తీయడం ఎలాగో చెప్పే వ్యాసం మాత్రం నేను చదువుకునే రోజుల్లో ఎప్పుడూ చూడలేదు. ఈసారి సంఘం మిత్రులు "పాత విద్యార్థి కదా, ఏదైనా రాసివ్వండి" అని అడిగితే ఆ లోటు కొంతయినా తీరుద్దామనిపించింది. నేనేమీ పేరుమోసిన ఫోటోగ్రాఫర్ని కాను. నా వుద్యోగం వేరు. కాని నలభై యేళ్లుగా కెమెరా వదల్లేదు. చేసిన తప్పులు లెక్కలేనన్ని. అందులో ఒకటి యీనాటికీ మర్చిపోలేను. దానితోనే మొదలుపెడతాను.

తాత ఫోటో

1980 దశకం మొదట్లో నేను వాల్తేరులో హాస్టల్లో వుండేవాణ్ణి. మా రూమ్మేటు బాబాయిగారి 35 ఎం.ఎం. కెమెరా ఒకటి మా గదిలో వుండేది. రోలుకి 36 ఫోటోలు. రోలు కొనడం, కడిగించడం, ప్రింట్లు వేయించడం అంటే ఆ నెల సినిమాలూ టిఫిన్లూ మానుకోవలసిందే. మెస్సులో మాకు వడ్డించే ముసలాయన ఒకాయన వుండేవాడు. అందరం "తాతా" అనే పిలిచేవాళ్లం. సంక్రాంతి సెలవులైపోయి వచ్చాక ఒకరోజు కొత్త పంచె కట్టుకుని వచ్చి "బాబూ, నాకో పొటో తియ్యవా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బీచికి తీసుకెళ్లాను. మన సముద్రం తూర్పున కదా! అప్పుడే పైకొస్తున్న సూర్యుడు, మెరుస్తున్న నీళ్లు, వాటి ముందు తాత. ఒక్కటే ఫోటో తీశాను. ఆకాశం అద్భుతంగా వచ్చింది. తాత మాత్రం నల్లటి నీడలాగా వచ్చాడు. నాకదే గొప్పగా తోచింది. హాస్టల్ డే ఎగ్జిబిషన్లో దానికి బహుమతి కూడా ఇచ్చారు. తాతకి ప్రింటు ఇవ్వాలనుకుంటూనే పరీక్షలొచ్చాయి, సెలవులొచ్చాయి.

జూన్ లో తిరిగొచ్చేసరికి తాత లేడు. వేసవిలోనే జ్వరమొచ్చి పోయాడట. వాళ్లమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. నేను తీశానని ఆయన చెప్పాడట. బహుమతి వచ్చిన ఆ పెద్ద ప్రింటు గర్వంగానే తీసిచ్చాను. ఆవిడ అటూ యిటూ తిప్పి చూసి, "మా అయ్య మొకమేది బాబూ?" అంది.

నెగటివు పట్టుకుని వూళ్లో ఒక స్టూడియోకి పరుగెత్తాను. ఆ స్టూడియో పెద్దాయన డార్క్ రూములో ఎన్లార్జరు కింద, ముఖం మీద పడే వెలుతురుకి చెయ్యి అడ్డుపెడుతూ నాలుగైదు సార్లు ప్రయత్నించాడు. చివరికి చెవి అంచు, బుగ్గ మీద కొంచెం తెలిశాయి. కళ్లు రాలేదు. "నెగటివులో లేని వెలుగు కాగితం మీదికి ఎక్కడ్నుంచి తెస్తాం నాయనా?" అన్నాడాయన. ఆ ప్రింటే ఆవిడ కళ్లకద్దుకుని తీసుకెళ్లింది.

ఫోటో తీయడం నేర్చుకోవడం మన సరదా కోసమే కాదని ఆరోజు అర్థమయింది. మన ఎదుట నిలబడిన మనిషి తన ముఖాన్ని మనకి అప్పగిస్తాడు. అది తిరిగి అతనికి అప్పజెప్పగలగాలి. ప్రాక్టీసు అనేది అందుకోసం.

అసలు జరిగిందేమిటి?

కెమెరాకి మనిషెవరో, సముద్రమేదో తెలియదు. వెలుతురు ఎంత వస్తోందని మాత్రమే లెక్కవేస్తుంది. వెనకాల సూర్యుడుంటే "అబ్బో, చాలా వెలుతురుంది" అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. దానితో ముఖం చీకటవుతుంది. దీనికి విరుగుళ్లు సులభమైనవే. మొదటిది, మనిషిని అటుదిటు తిప్పడం. అదే బీచిలో సాయంత్రంపూట అయితే సూర్యుడు వూరివైపు వుంటాడు, సముద్రం ముందు నిలబడినవాళ్ల ముఖం మీద పడతాడు. రెండోది, నీడలోకి తీసుకురావడం. మూడోది, ఒక తెల్లటి పంచెనో, థర్మోకోల్ అట్టనో మనిషికి ఎదురుగా ఎవరిచేతనైనా పట్టించడం; అది వెలుతురుని ముఖంమీదికి తిప్పికొడుతుంది. నాలుగోది, ఫోన్లో అయితే ముఖం మీద వేలు పెట్టి తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకి జరపడం. కెమెరాలో అయితే ప్లస్, మైనస్ గుర్తులుండే మీటని ప్లస్ వైపు తిప్పడం. ఆకాశం కాస్త తెల్లబోతుంది. పోనీయండి, మనిషి దక్కుతాడు.

ఏ కెమెరా కొనాలి?

కొత్తవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న యిదే. నా జవాబు: ఏదీ కొనవద్దు, మొదటి ఆరునెలలూ. చేతిలో వున్న ఫోను చాలు. మా రోజుల్లో చాలా ఇళ్లల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ అనే పెట్టెకెమెరా వుండేది. రోలుకి 12 ఫోటోలు. దాంట్లో తిప్పడానికి మీటలు పెద్దగా వుండేవి కావు. అయినా యీనాటికీ మన ఇళ్ల గోడల మీద వేలాడుతున్న ఫోటోలు కొన్ని దానితో తీసినవే. ఆరునెలలయ్యాక కూడా వుత్సాహం మిగిలివుంటే, సెకండ్ హ్యాండులో ఒక మామూలు కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు ఒకటి చూసుకోండి. కొనేముందు తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి.

మూడు మీటలు

ఎంత ఖరీదైన కెమెరాలోనైనా వెలుతురుని అదుపుచేసేవి మూడే.

మొదటిది అపెర్చర్, అంటే లెన్సులోని రంధ్రం. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని అంకెలుంటాయి. అంకె పెరిగినకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఇదేం తిరకాసని కంగారుపడకండి. అది భాగహారం. 50 ఎం.ఎం. లెన్సుని 2తో భాగిస్తే 25 మి.మీ. రంధ్రం, 16తో భాగిస్తే 3 మి.మీ. చిల్లర. అంతే. పెద్ద రంధ్రమైతే మనిషి స్పష్టంగా, వెనకాలది మసకగా వస్తుంది. చిన్న రంధ్రమైతే ముందూ వెనకా అన్నీ స్పష్టంగా వస్తాయి. చాలా ఫోన్లలో యీ రంధ్రం మారదు.

రెండోది షట్టర్, అంటే తలుపు ఎంతసేపు తెరిచివుంటుందనేది. సెకనులో 30వ వంతు అయితే చెయ్యి వణికినా తెలిసిపోతుంది. 125వ వంతు అయితే మామూలు ఫోటోలకి సరిపోతుంది. కబడ్డీ ఆటకి 500వ వంతు కావాలి.

మూడోది ఐ.ఎస్.ఓ. మేము ఫిల్ము రోజుల్లో ఏ.ఎస్.ఏ. అనేవాళ్లం. 100 అంటే ఎక్కువ వెలుతురు అడుగుతుంది, ఫోటో నున్నగా వస్తుంది. 1600 అంటే చీకట్లోనూ పనిచేస్తుంది, కాని ఇసక చల్లినట్లుంటుంది.

ఒక పాత సూత్రం కంఠతా పట్టండి. ఎర్రటి యెండలో ఐ.ఎస్.ఓ. 100, షట్టర్ 125వ వంతు, అపెర్చర్ 16. మబ్బు కమ్మితే అపెర్చర్ 8. ఈ రెండూ గుర్తుంటే మిగతావి మీరే అంచనా కట్టగలుగుతారు.

ప్రాక్టీసు ఎక్కడ?

"సార్, మా వూళ్లో ఫోటోలు తీయడానికేముంది?" అంటారు కొందరు. ఊటీయో కాశ్మీరో పోతే గాని ఫోటోలు రావనే భ్రమ అది. అవకాశాలు మన కాంపౌండులోనే వున్నాయి.

హాస్టల్ గది కిటికీ: ఉదయం తొమ్మిదింటికి మీ రూమ్మేటుని కిటికీ పక్కన కూచోబెట్టండి. ఒకటి కిటికీ వైపు తిరిగి, ఒకటి పక్కకి, ఒకటి వీపు కిటికీకి పెట్టి. మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మనిషి ముగ్గురిలా కనిపిస్తాడు. మనిషి దొరక్కపోతే తెల్లకాగితం మీద కోడిగుడ్డు పెట్టి చేయండి. గుడ్డు ఎంతసేపైనా విసుక్కోదు!

ఒకే చోటు, నెలరోజులు: కాంటీనో, బస్ స్టాపో ఒకటి ఎంచుకుని రోజూ వెళ్లండి. మొదటివారం అందరూ మిమ్మల్నే చూస్తారు. రెండోవారం పట్టించుకోరు. అసలు ఫోటోలు అప్పుడు మొదలవుతాయి. విశాఖలో వుండేవారికి ఫిషింగ్ హార్బరు మంచి బడి. తెల్లవారుజామున పడవలొచ్చి, చేపలు దిగి, వేలం జరిగేవేళ వెళ్లండి. కాని వాళ్లు పనిలో వుంటారని గుర్తుంచుకోండి, దారికి అడ్డం నిలబడకండి. పక్కనే నావికాదళం ప్రాంతాలున్నాయి. అక్కడ ఫోటోలు నిషేధం. బోర్డులు చూసుకోండి.

నాటకాల రిహార్సళ్లు: ప్రదర్శన రోజున స్టేజీ ముందుకి ఎవరూ రానివ్వరు. రిహార్సలుకైతే దర్శకుణ్ణి అడిగితే సంతోషంగా ఒప్పుకుంటాడు. ఫ్లాష్ వేయకండి, నటులకి కళ్లు చెదురుతాయి, స్టేజీ వెలుతురు కూడా చచ్చిపోతుంది.

డిపార్టుమెంట్లు: ఇది ఎవరికీ తట్టని అవకాశం. బోటనీవారికి మొక్కలు, జియాలజీవారికి రాళ్లు, హిస్టరీవారికి శాసనాలు ఫోటోలు కావాలి. లెక్చరరుగారిని అడిగి చూడండి. వస్తువు పక్కన స్కేలు పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు తీయడం వస్తే, శాసనంలో అరిగిపోయిన అక్షరాలు కూడా పైకి తేలతాయి.

పెళ్లిళ్లు: మొదటి పెళ్లికే "నేను తీసేస్తాను, ఫోటోగ్రాఫరెందుకు?" అని మాటివ్వకండి. నేనలా ఒక మిత్రుడి అక్క పెళ్లికి మాటిచ్చాను. ఫిల్ము పళ్లచక్రానికి సరిగా పట్టలేదు. రోలంతా ఒక్క అంగుళం కూడా కదల్లేదు. తాళి కట్టే ఫోటో మళ్లీ తీయగలమా? తీసేవారిని తీయనిచ్చి, మీరు వంటశాల, పూలు కట్టే ఆడవాళ్లు, నిద్రపోతున్న పిల్లలు, వీళ్లని తీయండి. తర్వాత ఆల్బంలో అందరూ వాటినే అడుగుతారు.

స్టూడియో: సెలవుల్లో మీ వూరి స్టూడియోవారి దగ్గర లైట్లు మోసే పని అడగండి. జీతం అడగకండి, ప్రశ్నలు మాత్రం అడగండి.

చదువు పాడవుతుందా?

ఇంట్లోవారి భయం యిది. రాజా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్ లో డ్రాఫ్ట్స్ మన్ గా వుద్యోగం చేస్తూనే కెమెరా పట్టారు. తర్వాత సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు. రఘురాయ్ కూడా సివిల్ ఇంజనీరింగు చదివినవారే. 1960 దశకంలో ఒక పల్లెటూళ్లో గాడిదపిల్ల వెంట పడి తీసిన ఫోటో లండన్ టైమ్స్ లో అచ్చయింది. ఇక మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫరుగా పేరొందిన హొమాయ్ వ్యారావాలా బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ లో చదువుతూ తోటి విద్యార్థినులనే ఫోటోలు తీశారు. 2011లో ఆమెకి పద్మవిభూషణ్ వచ్చింది. ఎవరూ దూరదేశాలు వెతుక్కుంటూ పోలేదు. ఎదురుగా వున్నవారితోనే మొదలుపెట్టారు.

కొన్ని అలవాట్లు

రోజుకి 36 ఫోటోలకన్నా ఎక్కువ తీయనని నియమం పెట్టుకోండి. నొక్కేముందు ఆలోచించడం అదే వస్తుంది. పాడైన ఫోటోలు వెంటనే చెరపకండి. మేము ప్రతి ఫోటోకీ అపెర్చరు, షట్టరు నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. ఇప్పుడా అంకెలన్నీ ఫోటోలోనే దాగివుంటాయి. వివరాలు నొక్కితే చాలు. వారానికోసారి తీసి, ఎందుకు చెడిందో చూసుకోండి. మనిషిని తీసేముందు అడగండి. "వద్దు" అంటే నవ్వి కెమెరా దించేయండి. పేదరికాన్ని దొంగతనంగా తీసి బహుమతులు కొట్టేయాలని చూడకండి. బహుమతి సంగతి నాకు తెలుసు.

చివరగా ఒక్క కోరిక. ఈ ఏడాది మీ మెస్సులో వడ్డించేవారిని, తోటమాలిని, అటెండర్లని, రాత్రి కాపలా కాసేవారిని ఒక్కొక్కరిగా నీడలో నిలబెట్టి, ముఖం మీద వెలుతురు పడేట్టు ఒక మంచి ఫోటో తీయండి. ఇంతకన్నా మంచి ప్రాక్టీసు లేదు. ఫోన్లోనే దాచి వుంచకండి. పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి ఎవరిది వారి చేతికివ్వండి. రెండు మూడు టీల ఖర్చు. పరీక్షలయ్యాక ఇద్దాంలే అనుకోకండి.