నీరు తిరిగిన వేళ

చిత్త కార్తె చివరి రోజులు. ఉప్పాడ ఒడ్డున ఇంకా పూర్తిగా తెల్లారలేదు. రాత్రి మూడింటికి వేటకెళ్ళిన ఫైబర్ పడవలు ఒక్కొక్కటీ వచ్చి ఒడ్డు పడుతున్నాయి. కెరటం వెనకే ఇంజను జోరు పెంచి, ఇసుక తగలబోతుండగా దాన్ని పైకెత్తేస్తారు. ఆ ఊపుకి పడవ జర్రున పైకి జారుతుంది. ఒక్క లిప్త ఆలస్యమైతే ఫ్యాను ఇసుకలో దిగబడుతుంది, వెనక కెరటం వచ్చి పడవను అడ్డం తిప్పేస్తుంది.

మొదటి పడవలో కానాగంతలు. వల ఇంకా విప్పలేదు, చేపలు దానికే వేలాడుతున్నాయి. వీపు మీద నీలి ఆకుపచ్చ మెరుపు ఇంకా వాడలేదు. ఓ నడివయసు ఆవిడ గొంతుక్కూర్చుని వల ఒళ్ళోకి లాక్కుంది. మొప్పల దగ్గర బిగుసుకున్న వల కన్నును బొటనవేలితో వదులు చేసి, చేపను తల వైపుకు తోసి లాగేస్తోంది. చేప చిరగడం లేదు, వల తెగడం లేదు. మాటల్లో పడినా ఆమె చేయి ఆగలేదు.

పడవ పక్కన కూర్చున్న పెద్దాయనను వేట ఎలా ఉందని అడిగాను.

"నీరు తిరిగింది బాబూ" అన్నాడు. "ఎండాకాలంలో వల వేస్తే కోనపాపపేట వైపు లాక్కుపోద్ది. వానల్లో ఎటు పోద్దో దానికే తెలీదు. ఇప్పుడు చూడండి, తిన్నగా కాకినాడ వైపే."

ఆయన రెండు ముక్కల్లో చెప్పింది సముద్ర శాస్త్రంలో పెద్ద అధ్యాయం. మన తూర్పు తీరాన్ని ఆనుకుని సముద్రంలో ఒక ప్రవాహం ఉంది. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా అది ఉత్తరానికి పారుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో బలం తగ్గి తడబడుతుంది. అక్టోబరు వచ్చేసరికి దక్షిణానికి తిరిగి డిసెంబరు దాకా అలాగే సాగుతుంది. వస్తూ వస్తూ గంగా బ్రహ్మపుత్రలు, మహానది బంగాళాఖాతంలో పోసిన మంచినీటిని మన ఒడ్డు వెంట మోసుకొస్తుంది. దానికి మన గోదావరి వరద తోడవుతుంది. ఆశ్వయుజ, కార్తీకాల్లో మనం ఒడ్డున నిలబడి చూసే నీటిలో ఉప్పు తక్కువ, నది ఎక్కువ.

1950ల తొలినాళ్ళలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖ వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేశారు. ఈ తీరంలో నీరు ఏ కాలంలో పైకి లేస్తుందో, ఏ కాలంలో కిందికి దిగుతుందో 1954లో రాసిన వ్యాసంలో వివరించారు. వేసవి ముందు గాలి ఒడ్డు నీటిని లోపలికి నెడుతుంది. ఆ చోటు పూడ్చడానికి అడుగున ఉన్న చల్లని, మేత నిండిన నీరు పైకి వస్తుంది. శరత్కాలంలో అంతా తలకిందులు. నీరు ఒడ్డు వైపు చేరి కిందికి దిగుతుంది. అడుగు నుంచి మేత రాదు. ఒడ్డు దగ్గరి చేపకు ఇప్పుడు అన్నం పెట్టేది నది, మడ అడవి. కోరంగి మడ అడవిలో ఒక చెట్టు కొట్టేస్తే దాని దెబ్బ ఉప్పాడ వలలో తెలుస్తుందని నేను నమ్మడానికి కారణం ఇదే.

రొయ్యనే చూడండి. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల ఈదుకుంటూ నదీముఖంలోకి, మడవేళ్ళ మధ్యకు చేరి కొన్ని నెలలు పెరుగుతుంది. ఉప్పు తగ్గి, వరద తోసేసరికి మళ్ళీ సముద్రంలోకి దిగుతుంది. ఆ దిగే దారిలోనే పండుగప్ప కాచుకుని ఉంటుంది, దానికోసం మనిషి కాచుకుని ఉంటాడు.

ఈ రోజుల్లో సముద్రం మీద ఒక గీత కనిపిస్తుంది. పెద్దాయన కొడుకు నన్ను పడవెక్కించుకుని ఆ గీత దాకా తీసుకెళ్ళాడు. ఇటు టీ రంగు నీరు, అటు పచ్చని తేట నీరు. రెంటి మధ్య బారెడు వెడల్పున నురగ, అందులో గుర్రపుడెక్క ఆకులు, ఓ కొబ్బరి మట్ట. కలవనట్టే పక్కపక్కన కదులుతున్నాయి. చిన్న చేప మట్టి నీటి అంచున మేస్తుందట. దాన్ని పట్టడానికి వంజరం తేట నీటి వైపు తిరుగుతుందట. అతను వలను గీతకు అడ్డంగా కాదు, గీత వెంబడే వదిలాడు.

హైదరాబాదులో 1999లో మొదలైన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలతో వెతికేదీ ఇలాంటి గీతలనే. నీటి వేడి ఎక్కడ ఒక్కసారిగా మారుతోంది, రంగు ఎక్కడ పచ్చబడుతోంది అని చూసి, చేపలుండే చోటు ఫలానా దిక్కున, ఫలానా లోతులో అని తెలుగులోనే కబురు పంపుతుంది. మంచి పని. కాకపోతే మబ్బు కమ్మితే ఉపగ్రహానికి నీరు కనబడదు. శరత్తులో బంగాళాఖాతం మీద మబ్బుకు కొదవేముంది? ఆ రోజుల్లో పడవ ముందు నిలబడ్డ మనిషి కళ్ళే దిక్కు.

చేపను ఒడ్డుకు తెచ్చే ఈ మంచినీటి పొరే ప్రమాదాన్నీ తెస్తుంది. తేలికైన నీరు ఉప్పునీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. గాలి వీచినా అడుగున ఉన్న చల్లని నీరు దాన్ని దాటి పైకి రాలేదు. పైనీరు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. వాయుగుండానికి కావలసింది ఆ వేడే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమను కూల్చిన తుపాను 1996 నవంబరు 6న. వేటకు వెళ్ళినవారు ఎందరో ఆ రాత్రి తిరిగి రాలేదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. మన తీరం మర్చిపోలేని తేదీల్లో ఇన్ని ఈ రెండు నెలల్లోనే ఉన్నాయి.

తుపాను దూరంగా ఉండగానే కెరటం కబురు చెబుతుంది. గాలి ఉండదు, ఆకాశం తేటగా ఉంటుంది, కెరటానికీ కెరటానికీ మధ్య వ్యవధి మాత్రం పెరుగుతుంది. బరువుగా, నింపాదిగా వచ్చి విరుగుతుంది. ఎక్కడో నడి సముద్రంలో లేచిన అల గాలికంటే ముందే ఒడ్డు చేరుతుంది కాబట్టి అలా. పెద్దాయన దాన్ని లెక్కపెట్టడు, వింటాడు.

బయట సముద్రం పోటెక్కిన రోజున కాకినాడ వైపు చిన్న పడవలకు హోప్ ఐలాండ్ చాటు ఉంటుంది. గోదావరి ఇసుక మేట వేసుకుంటూ కట్టిన ఆ పొడవాటి దిబ్బ వెనక అఖాతం కాస్త నెమ్మదిగా ఉంటుంది. పీతలు, కాసిని రొయ్యలు దొరుకుతాయి. ఉప్పాడకు ఆ చాటు లేదు. అక్కడ రాళ్ళగట్టు, దాని వెనకే ఇళ్ళు.

ఇంకో కష్టం ఒడ్డున ఎదురవుతుంది. వల నిండే ఈ రోజుల్లోనే కార్తీకం వస్తుంది. ఎన్నో ఇళ్ళలో నెల రోజులు పొయ్యి మీద నీచు ఎక్కదు. వేలం పాటలో గొంతులు తగ్గుతాయి. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీదికి వెళ్ళిన ఆడవాళ్ళు సగం సరుకుతో తిరిగొచ్చి ఉప్పు పట్టించి ఎండబెడతారు. అదీ ఎండ కాస్తేనే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేలయింది. సంతోషం. తుపాను వచ్చి కొడితే బియ్యమో, సాయమో అందుతుంది. కానీ హెచ్చరిక వచ్చి, పడవలు ఆగిపోయి, చివరికి వాయుగుండం పక్క రాష్ట్రానికి మళ్ళిపోతే? ఆ నాలుగు రోజుల కూలి ఎవరి లెక్కలోకీ రాదు. సంపాదన ఉన్న రెండు నెలల్లో ఇలాంటివి రెండు మూడు వస్తే సంవత్సరం అప్పుతో గడుస్తుంది. హెచ్చరికను మన్నించి ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ రోజుల కూలి దక్కాలి. అడగాల్సిన మాట ఇది, గట్టిగా అడగాలి.

మూడో రోజు సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. గాలి లేదు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. కెరటం మాత్రం దూరదూరంగా, లావుగా వచ్చి రాళ్ళకు కొట్టుకుంటోంది. అందరి ఫోన్లకూ సందేశం వచ్చింది. తాళ్ళు పట్టి పడవలను రోడ్డు దాకా లాగేస్తున్నారు. కొడుకు ఇంజను బోల్టులు విప్పి, గోనెసంచి చుట్టి భుజానికెత్తుకున్నాడు. పెద్దాయన వల మడిచి, తడి తగలకుండా కింద తాటాకు వేశాడు.

"మళ్ళీ ఎప్పుడు?" అన్నాను.

"అమావాస్య దాటనీండి" అని, చెవి సముద్రం వైపు పెట్టాడు.